ఒక బడికి భారం... పది బడులకు సులభం
పాఠశాలల ఉమ్మడి సేవలతో వ్యయం ఆదా. దూరం పెరిగితే నష్టపోయేది పిల్లలే

పొందూరు: పొందూరు పేరు చెప్పగానే సన్న ఖాదీ గుర్తుకు వస్తుంది. పత్తి శుద్ధి, వడకడం, నేత, అమ్మకం... ఇవన్నీ ఒక్క కుటుంబం చేయగలిగే పనులు కావు. 1949లో ఏర్పడిన ఆంధ్రా ఫైన్‌ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఈ పనులను ఒక గొడుగు కిందికి తెచ్చింది. రాట్నం మాత్రం వడికేవారి ఇంట్లోనే ఉంది. బడుల నిర్వహణకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ప్రతి పల్లెలో బడి ఉండాలి. అయితే ప్రతి బడికీ విడిగా ప్రయోగశాల, వ్యాయామోపాధ్యాయుడు, ఫిజియోథెరపిస్టు ఉండటం సాధ్యం కాదు. కొన్ని బడులు కలిసి వాటిని పంచుకోవడమే పాఠశాల సముదాయ విధానం. వాడుకలో దీన్ని స్కూల్‌ కాంప్లెక్స్‌ అంటారు.

ఆలోచన పాతదే
1964-66 నాటి కొఠారీ కమిషన్‌ ఈ విధానాన్ని తొలిసారి సిఫార్సు చేసింది. ఒక ఉన్నత పాఠశాల కేంద్రంగా, చుట్టుపక్కల ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలు ఒక జట్టుగా పనిచేయాలన్నది దాని సారాంశం. 1986 జాతీయ విద్యావిధానం కూడా దీన్ని సమర్థించింది. ఉమ్మడి రాష్ట్రంలో బ్రిటన్‌ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్‌ ప్రాథమిక విద్యా పథకం ద్వారా ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పడ్డాయి. కొన్ని బడుల ఉపాధ్యాయులు ఒకచోట కూర్చుని పాఠ్యబోధనపై చర్చించుకునే అలవాటు అప్పుడే బలపడింది. ఆ తరువాత వచ్చిన సర్వశిక్షా అభియాన్‌ మండల వనరుల కేంద్రాలను, సముదాయ సమావేశాలను కొనసాగించింది.

2020 జాతీయ విద్యావిధానం మరో అడుగు ముందుకు వేసింది. ఐదు నుంచి పది కిలోమీటర్ల పరిధిలోని అంగన్‌వాడీలు, దిగువ తరగతుల బడులు, ఒక ఉన్నత పాఠశాల కలిసి ఒకే సముదాయంగా ఉండాలని సూచించింది. 2016-17 లెక్కల ప్రకారం దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో సుమారు 28 శాతం బడుల్లో 30 మంది కన్నా తక్కువ విద్యార్థులు ఉన్నారని, ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,08,017 ఉన్నాయని ఆ పత్రమే పేర్కొంది.

యాజమాన్యాలు వేరు, అవసరాలు ఒకటే
మన పల్లెల్లో ప్రాథమిక పాఠశాల మండల పరిషత్తుది, ఉన్నత పాఠశాల జిల్లా పరిషత్తుది. పట్టణాలకు వెళితే పురపాలక పాఠశాలలు, వీటికి తోడు ఎయిడెడ్‌, ఆశ్రమ పాఠశాలలు ఉన్నాయి. పద్దులు వేరు, అధికారులు వేరు. కానీ ఈ ఏడాది ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లవాడే వచ్చే ఏడాది ఉన్నత పాఠశాలలో అడుగుపెడతాడు. పునాదిలో లోపం ఉంటే ఆ భారం పై బడి మీదే పడుతుంది. అందువల్ల సహకారం ఇరువురికీ లాభమే.

పంచుకోదగినవి ఇవీ
ఉపాధ్యాయులు: ఏకోపాధ్యాయ పాఠశాలలో పంతులు సెలవు పెడితే ఆ రోజు బడి మూతపడినట్లే. సముదాయంలోని మరో బడి నుంచి ఒకరిని సర్దుబాటు చేస్తే పాఠం ఆగదు. సీఆర్‌ఎంటీలుగా పిలిచే క్లస్టర్‌ సిబ్బంది ఉద్దేశాల్లో ఇదీ ఒకటి.
ప్రత్యేక అవసరాల పిల్లలు: ఒక బడిలో అలాంటి పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు. వారి కోసం ప్రతి బడిలో నిపుణుణ్ని నియమించలేరు. మండల స్థాయి భవిత కేంద్రాల్లో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, ఫిజియోథెరపీ సేవలు అందుబాటులో ఉండటం ఉమ్మడి సేవకు చక్కని ఉదాహరణ.
పరీక్షలు: జిల్లా ఉమ్మడి పరీక్షల మండలి చాలా కాలంగా పాఠశాలల చందాలతో ప్రశ్నపత్రాలు ముద్రించి పంపిణీ చేస్తూ వచ్చింది. ఒక ప్రశ్నపత్రం తయారీకి అయ్యే శ్రమ ఇరవై మందికైనా, ఇరవై వేల మందికైనా దాదాపు ఒకటే. సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో విద్యార్థిపై పడే ఖర్చు తగ్గుతుంది.
ప్రయోగశాల, గ్రంథాలయం, ఆటస్థలం: ఉన్నత పాఠశాలలోని సూక్ష్మదర్శినిని నెలకు ఒక పూట ప్రాథమికోన్నత విద్యార్థులకు చూపించవచ్చు. అదనపు వ్యయం రాకపోకలదే.

సహకారం వేరు, విలీనం వేరు
ఇక్కడే జాగ్రత్త అవసరం. సేవలను పంచుకోవడం ఒకటి, బడిని ఎత్తివేయడం మరొకటి. 2022 జూన్‌లో వెలువడిన 117వ నంబరు ఉత్తర్వు ప్రకారం కిలోమీటరు పరిధిలోని ఉన్నత పాఠశాలలకు 3, 4, 5 తరగతులను తరలించారు. చిన్నపిల్లలకు సబ్జెక్టు ఉపాధ్యాయుల బోధన అందించడమే లక్ష్యమని ప్రభుత్వం చెప్పింది. కానీ ఊరి బడిలో 1, 2 తరగతులే మిగలడం, ఎనిమిదేళ్ల పిల్లలు రోడ్లు దాటి వెళ్లాల్సి రావడంతో తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. 2025లో ప్రభుత్వం ఆ ఉత్తర్వును ఉపసంహరించి, తరగతికో ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల ఏర్పాటుకు పూనుకుంది.

ఈ అనుభవం నేర్పే పాఠం స్పష్టం. ఉపాధ్యాయుడు పది కిలోమీటర్లు ప్రయాణించగలడు, పుస్తకాల పెట్టె ప్రయాణించగలదు. ఒకటో తరగతి పిల్ల ప్రయాణించలేదు. విద్యాహక్కు చట్టం కింది నిబంధనలు ప్రాథమిక బడి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలన్నది ఇందుకే.

సరిహద్దు అడ్డు కారాదు
2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో పొందూరు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండగా, సంతకవిటి, రాజాం మండలాలు విజయనగరం జిల్లాలో చేరాయి. సరిహద్దు గ్రామాల బడులకు ఎదుటి జిల్లాలోని ఉన్నత పాఠశాలే దగ్గర కావచ్చు. సముదాయాలను గీసేటప్పుడు పటంలోని గీత కన్నా పిల్లల నడకదారే కొలమానం కావాలి.

అమెరికాలో ఇలా
అక్కడి ‘స్కూల్‌ డిస్ట్రిక్టు’ మన రెవెన్యూ జిల్లా వంటిది కాదు. సొంత బోర్డు, సొంత పన్ను ఉండే స్థానిక విద్యాసంస్థ. న్యూయార్క్‌ రాష్ట్రంలో చిన్న డిస్ట్రిక్టుల కోసం 1948లో ‘బోసెస్‌’ అనే సహకార విద్యా మండళ్లను చట్టబద్ధం చేశారు. ఇప్పుడు అలాంటివి 37 ఉన్నాయి. వృత్తి విద్య, ప్రత్యేక విద్య, కంప్యూటర్‌ సేవలు వంటి వాటిలో ఏది కావాలో డిస్ట్రిక్టే ఎంచుకుంటుంది, తన వాటా చెల్లిస్తుంది. బడి స్థానికంగానే ఉంటుంది.

తల్లిదండ్రులు అడగవలసినవి
విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేసే బాధ్యత కమిటీదే. సముదాయం ప్రస్తావన వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేయాలి.
* మా బడికి ఏ సేవ, నెలలో ఎన్ని రోజులు అందుతుంది?
* ఉపాధ్యాయుడు సెలవులో ఉంటే ఎవరు వస్తారు?
* రవాణా ఖర్చు ఏ పద్దు నుంచి ఇస్తారు?
* మిగిలిన సొమ్ము ఈ బడి పిల్లలకే తిరిగి ఖర్చవుతుందా?

చివరి ప్రశ్నకు సరైన జవాబు దొరికినప్పుడే అది ఆదా. లేకుంటే అది కోతే అవుతుంది.