అక్షరం అందని పిల్లవానికి ఏ బడి?

వేసవి ముదిరేసరికి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాలలో పనులు తెరిపి ఇస్తాయి. పత్తి తీతలు ముగుస్తాయి. కల్లాలలో ఆరిన మిరపకాయలు టిక్కీలలో గుంటూరు యార్డుకు చేరుతాయి. చేతికి డబ్బు వచ్చే ఆ రోజులలోనే పిల్లల చదువుల మాట ఇండ్లలో చర్చకు వస్తుంది.

అట్టి ఒక ఇంట పదేండ్ల పిల్లవాడు ఉన్నాడనుకొందము. క్వింటా ధర, తూకం చెప్పినచో ఎంత సొమ్ము రావలెనో నోటితోనే లెక్కగట్టగలడు. తాత చెప్పిన కథను పొల్లు పోకుండ తిరిగి చెప్పగలడు. కాని తూకపు చీటీ చేతికిచ్చి చదువుమన్నచో మొదటి మాటలోనే ఆగిపోతాడు. మొద్దు అని ఒకరు, సోమరి అని ఒకరు అంటారు. ఇది డిస్లెక్సియా, అనగా పఠన వైకల్యం. ప్రత్యేక పాఠశాలలో చేర్చండి అని మరొకరు సలహా ఇస్తారు. ఆ పాఠశాల ఏ చెన్నైలోనో, హైదరాబాదులోనో ఉంటుంది. ఏడాది పంట సొమ్ము అక్కడ పెట్టుటయా, ఊరి బడిలోనే ఉంచుటయా? దీనికి జవాబు వెదకుటకు ముందు అట్టి పాఠశాలలు ఎందుకు పుట్టినవో తెలిసికొనుట మేలు.

పదాంధత

పూర్వం మన వీధిబడులలో అక్షరాలు పట్టుబడని పిల్లవాడు కొన్నాళ్ళు దెబ్బలు తిని, తుదకు బడి మాని పొలానికి పోయేవాడు. చదువు కొద్దిమందికే పరిమితమైన కాలంలో ఈ లోపం ఎవరి కంటా పడలేదు. ఐరోపాలోనూ ఇంతే. ఇంగ్లండులో 1870, 1880 సంవత్సరాల విద్యాచట్టాలతో అందరు పిల్లలూ బడికి రావలసి వచ్చినది. తెలివి ఉండియు చదువలేని పిల్లలు కొందరు ఉన్నారని అటు తరువాతనే తెలియవచ్చినది.

ఈ స్థితిని మొదట వర్ణించినవారు వైద్యులు. చూపు చెడక, మాట పోక, చదివే శక్తి మాత్రం పోయిన రోగులను గూర్చి 1877లో జర్మను వైద్యుడు అడాల్ఫ్ కుస్మాల్ వ్రాసి, ఆ స్థితికి పదాంధత అని పేరు పెట్టినాడు. డిస్లెక్సియా అనే పేరు స్టుట్‌గార్టు నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ పెట్టినది; ఆయన గ్రంథం 1887లో వెలువడినది. వీరు చూచిన రోగులు మెదడుకు హాని కలిగిన పెద్దవారు.

ఈ లోపం పుట్టుకతోనే ఉండవచ్చునని 1896 నవంబరులో ఇంగ్లండులోని సీఫోర్డు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించినాడు. ఆయన చూచిన పెర్సీ అనే బాలునికి 14 ఏండ్లు. ఆటలలో గాని, తెలివిలో గాని తోటివారికి తీసిపోడు. అంకెలు చకచక చదివేవాడు. బీజగణితపు లెక్కలు చేసేవాడు. కాని తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి వ్రాసేవాడు. పాఠాలన్నీ నోటిమాటగానే చెప్పినట్లయితే బడిలో అందరికంటె చురుకైనవాడు ఇతడే అయ్యేవాడని అతని ఉపాధ్యాయుని అభిప్రాయం. మన మిరప రైతు ఇంటి పిల్లవానికీ పెర్సీకీ ఎంత పోలికయో చూడండి! గ్లాస్గో నేత్రవైద్యుడు జేమ్స్ హిన్షెల్‌వుడ్ ఇట్టి పిల్లలను గూర్చి 1917లో ఒక గ్రంథమే వ్రాసినాడు. వీరికి విడిగా, ఒక్కొక్కరికిగా చదువు చెప్పవలెనని ఆయన సలహా.

ఇసుకలో వ్రాత

లోపం పేరు తెలిసినంత మాత్రాన చదువు రాదు గదా! ఎట్లు నేర్పవలెను? అమెరికాలోని అయోవా రాష్ట్రంలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు మందమతులని పేరుబడిన పిల్లలను పరీక్షించి, వారిలో కొందరు నిజానికి తెలివైనవారేనని 1925లో వ్రాసినాడు. ఆయనతో పనిచేసిన అన్నా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్‌మన్ అనే ఉపాధ్యాయినులు 1930 ప్రాంతాల్లో ఒక బోధనా పద్ధతిని కూర్చినారు. అక్షరాన్ని కన్ను చూడవలెను, నోరు పలుకవలెను, చెవి వినవలెను, చేయి దిద్దవలెను. ఇవి నాలుగూ ఒకేసారి జరుగవలెను. ఒక మెట్టు గట్టిపడినగాని రెండవ మెట్టుకు పోరాదు. ఈ పద్ధతిలో ఇసుకపై వ్రేలితో దిద్దించుట కూడ ఒక అభ్యాసం.

ఇసుకలో దిద్దుట మనకు కొత్తదా? ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర పాఠశాలకు పర్యవేక్షకుడుగా వచ్చినది 1789లో. ఇక్కడి పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరాలు వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టినాడు. 1797లో ఆయన ప్రచురించిన పుస్తకంతో అది ఇంగ్లండుకు చేరినది. పద్ధతి మన వాకిట ఉన్నదే. మన వీధిబడిలో కొరతపడినది వెనుకబడిన పిల్లవాని కొరకు ఆగే ఓపిక.

లండనులో, మద్రాసులో

ఇట్టి పిల్లల కొరకే 1962లో లండనులో పదాంధుల కేంద్రం ఒకటి తెరచినారు. అక్కడ జరిగిన పరిశోధనను సంధ్యా నాయుడు 1972లో గ్రంథంగా ప్రకటించినారు. ఆ ఏడే కేంద్రం మూతపడినది. ఆ ఏడే బ్రిటిష్ డిస్లెక్సియా సంఘం పుట్టినది. ఒక్క కేంద్రంలో తేలిన విషయం దేశంలోని బడులన్నిటికీ చేరవలసిన పని అప్పటినుండి మొదలైనది.

గుంటూరు జిల్లాకు 1953 వరకు రాజధానిగా ఉన్న మద్రాసు నగరంలో 1991లో మద్రాసు డిస్లెక్సియా సంఘం ఏర్పడినది. ఆ సంఘం నడిపే అనన్య అనే కేంద్రంలో పిల్లలు కొంతకాలం పూర్తిగా అక్కడే చదివి, తిరిగి మామూలు బడికి వెళ్ళుట ఉద్దేశం. మామూలు బడుల ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుట కూడ ఈ సంఘం పనులలో ఒకటి. ఈ చరిత్రలో గమనింపదగిన విషయం ఇదే. మంచి ప్రత్యేక పాఠశాల పిల్లవానికి గమ్యం కాదు, వంతెన మాత్రమే.

చట్టం

చట్టం ఈ పిల్లలను ఆలస్యంగా గుర్తించినది. 1995 వికలాంగుల చట్టంలో వీరి మాటే లేదు. 1996లో మహారాష్ట్ర ప్రభుత్వం వీరికి పరీక్షలలో సౌకర్యాలు కల్పించినది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని చేర్చినారు. డిస్లెక్సియా దీని క్రిందికే వస్తుంది. ధ్రువపత్రం ఎనిమిదేండ్లు నిండిన తరువాతనే ఇవ్వవలెననీ, 14, 18 ఏండ్లకు మరల పరీక్షించవలెననీ 2018 జనవరి నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్పినవి. సహాయం చేయుటకు మాత్రం ధ్రువపత్రం వచ్చేవరకు ఆగనక్కరలేదు.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ వంటివి ప్రధానంగా బుద్ధిమాంద్యం గల పిల్లల కొరకు ఏర్పడినవి. డిస్లెక్సియా బుద్ధిమాంద్యం కాదు. ప్రత్యేక పాఠశాల అనే బోర్డు చూచి, బుద్ధిమాంద్యం గల పిల్లల బడిలో పెర్సీ వంటివానిని చేర్చినచో అతనికి కావలసిన చదువు దొరకదు.

తెలుగు లిపి

మన లిపిని గూర్చి కూడ ఒక మాట. బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ ధాతుపేటికలను వెలికితీసినాడు. వాటిపై ఉన్న బ్రాహ్మీలిపిలో ఒక విశేషం కలదు. అశోకుని బ్రాహ్మిలో హల్లు గుర్తులోనే అకారం ఇమిడి ఉంటుంది. భట్టిప్రోలు లేఖకుడు అకారానికి కూడ వేరే గీత గీసినాడు. అనగా క అనే ఒక్క పలుకులో హల్లు ఒకటి, అచ్చు ఒకటి ఉన్నవని గుర్తుతో చూపినాడు. డిస్లెక్సియా ఉన్న పిల్లవానికి సాధారణంగా కష్టమయ్యేది ఈ పనే. మాటను ధ్వనులుగా విడదీసి, ఒక్కొక్క ధ్వనికి గుర్తును జోడించుట అతనికి త్వరగా అలవడదు. గుణింతాలు, వత్తులు కలిసి తెలుగులో వందలాది రూపాలు నేర్వవలసి ఉండుట మరొక బరువు.

ఇంగ్లీషులో వ్రాత ఒకటి, పలుకుబడి ఒకటి. అందుచేత తప్పులు వెంటనే బయటపడతాయి. వ్రాసినట్లే పలికే భాషలలో పిల్లవాడు తప్పు లేకుండ, మిక్కిలి నెమ్మదిగా చదువవచ్చును. అందుచేత లోపం దాగిపోతుంది. ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియను మాట్లాడే డిస్లెక్సియా గల విద్యార్థుల మెదళ్ళను పరీక్షించిన ఒక పరిశోధన 2001లో వెలువడినది. చదివే తీరు వేరైనా, మెదడులో మందగించిన చోటు మూడు భాషలవారిలోనూ ఒకటే. కనుక మన పిల్లవానిని ఇంగ్లీషులోనే పరీక్షించి ఊరకొనరాదు. తెలుగులో ఎట్లు చదువుతున్నాడో, ఎంతసేపటికి చదువుతున్నాడో కూడ చూడవలెను.

బడిని ఎట్లు ఎంచవలెను?

మొదట కన్ను, చెవి పరీక్ష చేయించవలెను. తరువాత మనస్తత్త్వ నిపుణుని చేత పరీక్ష చేయించవలెను. సమగ్ర శిక్ష క్రింద మండలాలలో నడిచే భవిత కేంద్రంలోని ఉపాధ్యాయులను అడిగినచో దారి చెప్పగలరు.

పాఠశాలకు పోయినపుడు భవనాన్ని, బస్సును చూచి మురిసిపోక కొన్ని ప్రశ్నలు వేయవలెను. అక్షరం ఎట్లు నేర్పుతారు? ఒక ఉపాధ్యాయునికి ఎందరు పిల్లలు? ఆయనకు ఈ పనిలో శిక్షణ ఉన్నదా? తెలుగు కూడ నేర్పుతారా? అభివృద్ధిని దేనితో కొలుస్తారు? మామూలు బడికి ఎప్పుడు తిరిగి పంపుతారు? ఈ కడపటి ప్రశ్నకు జవాబు లేని బడిని అనుమానించవలెను. మూడు నెలలలో నయం చేస్తామనే బడిని అంతకంటె ఎక్కువగా అనుమానించవలెను. డిస్లెక్సియా మందుతో పోయే జబ్బు కాదు. సరియైన బోధనతో దానిని దాటి చదువవచ్చును.

దూరాన్ని కూడ లెక్కలో వేసికొనవలెను. ఇప్పటికే అవమానపడిన పిల్లవానికి సాయంత్రం పక్కన కూర్చుండి పాఠం చదివి వినిపించే తల్లి పెద్ద అండ. ఊరి బడిలో ఒక ఉపాధ్యాయుడు రోజుకు అరగంట పై పద్ధతిలో శ్రద్ధగా చెప్పగలిగితే, పిల్లవానిని తరగతిలో నిలబెట్టి చదివించకుండ, ప్రశ్నలు నోటితో అడిగితే, వ్రాతకు వ్యవధి ఎక్కువ ఇస్తే, చాలమందికి అదే తగిన బడి. అట్లు ఒక ఏడు కృషి చేసినా మెట్టు ఎక్కనపుడు, లేదా పిల్లవాడు బడి పేరు చెబితేనే బెదిరిపోతున్నపుడు, ప్రత్యేక పాఠశాలకు పంపుట తప్పుకాదు. పంట సొమ్ము అపుడు వృథా కాదు.

నూటికి అయిదు నుండి పదిమంది వరకు ఇట్టి పిల్లలు ఉండవచ్చునని సాధారణ అంచనా. నలభైమంది ఉన్న తరగతిలో ఇద్దరో, నలుగురో ఉంటారన్నమాట. అందరినీ చెన్నైకి పంపలేము. వారిలో మొదటివానిని గుర్తించవలసినది వానికి రోజూ పాఠం చెప్పే ఉపాధ్యాయుడే. నోటితో లెక్క చెప్పి, చీటీ చదువలేక తల వంచుకొనే పిల్లవాడు రేపు మీ తరగతిలో కనిపించినచో మొద్దు అనే మాట నోట రానీయకండి. వాని చేయి పట్టి ఇసుకలో ఒక అక్షరం దిద్దించండి.