అమ్మే హెడ్మాస్టరు

పోయినసారి అమెరికా వెళ్ళినప్పుడు మా అమ్మాయి యింట్లో ఆరు నెలలున్నాను. ఫ్లోరిడా రాష్ట్రంలో జాక్సన్‌విల్ వాళ్ళ వూరు. మధ్యాహ్నం పూట అక్కడ వీధిలో మనిషన్నవాడు కనబడడు. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకీ, మనవరాలు బడికీ వెళ్ళిపోతే నాకు తోడు బట్టలుతికే మిషను చప్పుడొక్కటే. అలాంటిది పక్కింట్లోంచి పట్టపగలు పదకొండు గంటలకి పిల్లల నవ్వులు వినిపించేవి. మొదటి రోజు జ్వరాలేమో, బడి మానేశారు అనుకున్నాను. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ముగ్గురికీ కట్టగట్టుకుని జ్వరాలేమిటి? జ్వరమొస్తే ఆ నవ్వులేమిటి?

ఉండబట్టలేక నాలుగో రోజు గారెలు వండి, నాలుగు పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళాను. భోజనాల బల్ల నిండా కాగితాలు. ఆవిడ పెద్దమ్మాయికి పదిహేడేళ్ళు. నాలుగేళ్ళలో ఆ పిల్ల చదివిన పాఠాలూ, పుస్తకాల పేర్లూ, వచ్చిన మార్కులూ తల్లి టైపు చేస్తోంది. కింద హెడ్మాస్టరు సంతకం వుండవలసిన చోట తనే సంతకం పెట్టింది!

నాకు నవ్వాగలేదు. పాఠం చెప్పేదీ తల్లే, పరీక్ష పెట్టేదీ తల్లే, దిద్దేదీ తల్లే. కాకిపిల్ల కాకికి ముద్దు. ఏ తల్లి తన పిల్లకి నూటికి ముప్ఫయ్యారు వేస్తుంది చెప్పండి? నాకొచ్చిన ఇంగ్లీషులో అదే అడిగాను. ఆవిడా నవ్వింది. “కాలేజీ వాళ్ళకీ అదే అనుమానం. అందుకే యింత కట్ట తయారుచెయ్యాలి” అంది.

నవ్వానేగాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నాదీ ఇంటి చదువే. నేను తొమ్మిదో తరగతి సగంలో వుండగా, మా నాన్నగారు ఓ సాయంత్రం గడపలో చెప్పులు విప్పుతూ, “రేపట్నుంచి అమ్మాయి బడికి వెళ్ళక్కర్లేదు” అన్నారు. అంతే. ఎందుకని అడిగే ధైర్యం మా అమ్మకీ లేదు, నాకూ లేదు. మా బాబాయి పుణ్యమా అని లెక్కలూ, ఇంగ్లీషూ ఇంట్లోనే నేర్చుకుని మెట్రిక్ ప్రైవేటుగా కట్టి ప్యాసయ్యాను. కాలేజీ గుమ్మం మాత్రం తొక్కలేదు. మీరు నవ్వుతారేమోగాని, అప్పట్లో నేను ఏడ్చింది కాలేజీ కోసం కూడా కాదు. సాయంత్రం నాలుగున్నరకి బడి ఆవరణలో ఆడే టెన్నికాయిట్ కోసం. ఆల్జీబ్రా గోడవైపు తిరిగి కూర్చుని ఒక్కదాన్నీ చేసుకోవచ్చు. రబ్బరు రింగు గోడకేసి విసిరితే తిరిగొస్తుందే తప్ప, అది ఆట కాదు కదా!

అందుకే మర్నాడు పక్కింటావిణ్ణి రెండే ప్రశ్నలడిగాను. మీ పిల్లని కాలేజీలో ఎవరు చేర్చుకుంటారు? ఈ పిల్ల ఎవరితో ఆడుకుంటుంది? ఆ రెండు ప్రశ్నల వెనకా అక్కడి తల్లుల పెద్ద పోరాటమే వుందని అప్పటికి నాకు తెలియదు. ఆవిడ చెప్పిందీ, తర్వాత లైబ్రరీలో కూర్చుని నేను చదువుకున్నదీ కలిపి చెబుతాను.

అమెరికాలోనూ ఒకప్పుడు చదువంటే చాలామందికి ఇంట్లోనే. ఎడిసన్‌ని బళ్ళో మందమతి అన్నారని తల్లి ఇంటికి తీసుకొచ్చి తనే చెప్పుకుందిట. పిల్లల్ని బడికి పంపి తీరాలని మొదట శాసనం చేసింది మసాచుసెట్స్ రాష్ట్రం, 1852లో. ఒక్కో రాష్ట్రమే ఆ దారి పట్టి, చివరికి 1918లో మిసిసిపీ కూడా చేసింది. మంచి శాసనమే. లేకపోతే పసివాళ్ళు గనుల్లోనూ, మిల్లుల్లోనూ మగ్గిపోయేవాళ్ళు. కాని ఆ తర్వాత, ఇంట్లో చదువు చెప్పుకుంటాం అన్న తల్లిదండ్రులు చాలాచోట్ల నేరస్థులైపోయారు.

1960ల్లో బోస్టన్‌లో జాన్ హోల్ట్ అనే అయిదో తరగతి మేష్టారుండేవాడు. పిల్లలు బళ్ళో నేర్చుకునేది పాఠం కాదు, భయం. తెలియకపోయినా తెలిసినట్టు మేష్టారి కళ్ళల్లోకి చూసి జవాబు పసిగట్టడం అని కనిపెట్టాడు. 1964లో పిల్లలు ఎందుకు తప్పుతారని పుస్తకం రాశాడు. బళ్ళు బాగుపడతాయేమోనని చాలాకాలం చూసి, ఆశ వదులుకుని, 1977లో ‘గ్రోయింగ్ వితవుట్ స్కూలింగ్’ అని ఓ చిన్న పత్రిక మొదలుపెట్టాడు. అందులో సగానికి సగం తల్లుల ఉత్తరాలే. మా పిల్ల ఇది నేర్చుకుంది, మా వూళ్ళో అధికారి యిలా బెదిరించాడు అని ఒకరికొకరు రాసుకునేవాళ్ళు. కొందరు ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తారని, బడి వదిలే వేళ దాకా పిల్లల్ని వీధిలోకి రానిచ్చేవారు కాదుట. మతవిశ్వాసాల కోసం పిల్లల్ని ఇంట్లో వుంచుకున్నవాళ్ళు మరో పక్క. ఒకరి మొహం ఒకరు చూసుకోని ఈ రెండు వర్గాలూ కోర్టుల్లోనూ, శాసనసభల్లోనూ మాత్రం ఒకే మాట మీద నిలబడ్డాయి. 1993 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టసమ్మతమైంది.

సరే, చదువు చెప్పుకోనిచ్చారు. తర్వాత? పిల్లవాడు పదిహేడేళ్ళవాడయ్యాక ఎక్కడికి వెళ్ళాలి?

కాలేజీ తలుపు తట్టినవాళ్ళలో చాలా పేరొచ్చింది కోల్ఫాక్స్ కుటుంబానికి. డేవిడ్ కోల్ఫాక్స్ ప్రొఫెసరు. 1970ల్లో ఉద్యోగం పోయాక, భార్య మిక్కీతోనూ పిల్లలతోనూ కాలిఫోర్నియాలో బూన్‌విల్ దగ్గర కొండల్లో నేల కొనుక్కుని, తామే ఇల్లు కట్టుకున్నారు. పిల్లలు పునాదులు తవ్వారు, మేకలు పెంచారు, చదువుకున్నారు. పెద్దవాడు గ్రాంట్ 1983లో హార్వర్డుకి దరఖాస్తు పెట్టాడు. సర్టిఫికెట్లేవయ్యా అంటే, చదివిన పుస్తకాలూ, మేకల పెంపకంలో తెలుసుకున్నదీ, ప్రవేశ పరీక్షలో మార్కులూ చూపించాడు. సీటిచ్చారు! దేశమంతా గగ్గోలు. తమ్ముళ్ళలో ఇద్దరు కూడా అదే హార్వర్డుకి వెళ్ళారు. గ్రాంట్ డాక్టరయ్యాడు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఆరోగ్యశాఖ డైరెక్టరు ఆయనే.

అయితే, అందరికీ మేకలూ, హార్వర్డూ వుండవుగా! మామూలు పిల్లల కోసం మామూలు తల్లులు నెమ్మదిగా ఓ పద్ధతి ఏర్పరచుకున్నారు. మార్కుల పట్టీ తల్లి రాస్తుంది. దాంతోపాటు ఏ పాఠానికి ఏ పుస్తకం చదివిందీ, ఎన్ని వ్యాసాలు రాసిందీ వివరం జతచేస్తుంది. తల్లి మాటే నమ్మక్కర్లేకుండా, అందరు పిల్లలూ రాసే పరీక్ష తనూ రాస్తుంది. దగ్గరున్న చిన్న కాలేజీలో ఒకటి రెండు సబ్జెక్టులు ముందుగానే కడుతుంది. ఇంటివాళ్ళు కాని మేష్టారో, పాటల టీచరో ఒక ఉత్తరం రాస్తారు. 1998లో కేంద్ర చట్టం సవరించి, వీళ్ళకీ ప్రభుత్వ ఆర్థిక సహాయం అందుతుందని స్పష్టం చేశారు. పక్కింటావిడ బల్లమీది కట్ట అదన్నమాట.

ఇక ఆట సంగతి. ఇదింకా పెద్ద తగువు. అక్కడ వూరంతా కలిసి చూసే ఆటలు హైస్కూలువే. ఆ జట్టులో వుంటేనే కాలేజీ వాళ్ళ కంట పడేది, స్కాలర్‌షిప్పు వచ్చేది. బడికి రాని పిల్లల్ని బడి జట్టులో చేర్చుకోవాలా? వద్దన్నవాళ్ళ మాటలోనూ న్యాయం వుంది. “మా పిల్లలు పాఠాలు తప్పితే జట్టులోంచి తీసేస్తారు. మీ పిల్లకి మార్కులేసేది మీరే. మా పిల్ల చోటు మీకెందుకివ్వాలి?” అన్నారు. “మేమూ పన్నులు కడుతున్నాం కదా” అన్నారు ఇంటి చదువుల వాళ్ళు. ఫ్లోరిడా 1996లో సరేనంది. ఆ చుట్టుపక్కల పిల్లవాడు బడికి రాకపోయినా ఆ బడి జట్టులో ఆడుకోవచ్చు.

ఆ చట్టం వల్ల బయటికొచ్చినవాడే టిమ్ టీబో. మిషనరీ దంపతుల అయిదుగురు పిల్లల్లో ఆఖరివాడు, 1987లో ఫిలిప్పీన్స్‌లో పుట్టాడు. పాఠాలన్నీ తల్లి పామ్ దగ్గరే. వాళ్ళ ఫుట్‌బాల్‌లో బంతి విసిరే చోటు అతనికివ్వాలంటే వేరే బడి జట్టు కావాలి. ఆ బడి వున్నది పక్క జిల్లాలో. ఆ తల్లి కొడుకుతో సహా అక్కడ ఓ అపార్ట్‌మెంటు తీసుకుని కాపురం మార్చేసింది! 2007లో కాలేజీ రెండో ఏట వుండగానే అతనికి హైస్మన్ ట్రోఫీ వచ్చింది. రెండో ఏటివాడికి అది రావడం అదే మొదలు. తర్వాత మిగతా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలకి టీబో పేరే పెట్టి పిలవడం మొదలెట్టారు. 2016లో అలబామా చేసింది. వర్జీనియాలో మాత్రం 2015లో శాసనసభ వొప్పుకున్నా గవర్నరు తిరగ్గొట్టాడు.

ఆడితే సరిపోదు. కాలేజీ జట్టుకి వెళ్ళాలంటే ఆటల సంఘం వాళ్ళు పదహారు ముఖ్యమైన పాఠాలు చదివినట్టు చూపించమంటారు. ఇంటి చదువైతే ఒక్కో పాఠానికీ ఒక్కో కాగితం, ఏ పుస్తకం, ఎవరు చెప్పారు, ఎలా మార్కులేశారు అని. తొమ్మిదో తరగతి నుంచే కాగితాలు దాచుకోని తల్లి, పన్నెండులో తల బాదుకోవలసిందే.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన పిల్ల జైలా అవాంట్‌గార్డ్. లూసియానాలో ఇంట్లోనే చదువుకున్న నల్లజాతి అమ్మాయి. ఒకేసారి ఎన్నో బాస్కెట్‌బాల్ బంతులు నేలమీద ఆడించి గిన్నిస్ పుస్తకాలకెక్కింది. 2021లో, పధ్నాలుగేళ్ళప్పుడు, జాతీయ స్పెల్లింగ్ పోటీ గెలిచింది. మన తెలుగు పిల్లలూ ఏటా బారులు తీరే పోటీ అది. ఆఖరున ఆ పిల్ల చెప్పిన మాట ఏమిటో తెలుసా? ‘ముర్రాయా’. మన పెరట్లో కరివేపాకు వుందే, వృక్షశాస్త్రం వాళ్ళు దాన్ని చేర్చిన ప్రజాతి పేరు! మనం కూరలోంచి ఏరి పక్కన పెట్టేది, ఆ పిల్లకి కిరీటం పెట్టింది.

అయితే, అంతా బంగారమేనని చెప్పను. 2020లో కోవిడ్‌తో బళ్ళు మూసేశాక, ఇంటి చదువున్న కుటుంబాలు నూటికి అయిదు నుంచి పదకొండుకి పెరిగాయని వాళ్ళ జనాభా లెక్కల శాఖ చెప్పింది. అందరి ఇళ్ళూ మా పక్కింటిలా వుండవు. టారా వెస్టోవర్ అనే ఆవిడ 2018లో తన కథ రాసింది. ఐడహో కొండల్లో తండ్రి బడికి పంపలేదు. ఇంట్లోనూ సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. తనంతట తనే పరీక్షకి చదివి, పదిహేడో ఏట కాలేజీలో అడుగుపెట్టాక, యూదుల మారణహోమం గురించి మొదటిసారి విని, అదేమిటని క్లాసులో అడిగిందిట. తర్వాత కేంబ్రిడ్జిలో డాక్టరేటు తెచ్చుకుందనుకోండి. ఆవిడ కథ చదువుతుంటే మా గడపా, చెప్పుల చప్పుడూ గుర్తొచ్చాయి నాకు.

మన దేశంలో ఈ తలుపులు యింకా బిగువు. బొంబాయిలో మాళవికా జోషి ఏడో తరగతితో బడి మానేసి, ఇంట్లోనే కంప్యూటరు విద్య నేర్చుకుని, అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు తెచ్చింది. పన్నెండో తరగతి కాగితం లేదు కనక ఐఐటి తలుపు తెరవలేదు. 2016లో అమెరికాలోని ఎమ్‌ఐటి తెరిచింది. అలాగని మనవాళ్ళెవరూ తలుపులు తియ్యలేదని కాదు. దుర్గాబాయిగారు మద్రాసులో ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని బెనారస్ మెట్రిక్‌కి చదువు చెబుతూ చెబుతూనే 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం తెరిస్తే, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, పొయ్యి పక్కన పుస్తకం పెట్టుకుని నేను బి.ఏ. చదివింది అందులోనే. ఇంటి చదువు మంచిదా, చెడ్డదా అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. ఆ యింటికి బయటికి తలుపుందా లేదా చూడండి, ఆ తలుపు పిల్ల చేతికి అందుతుందా లేదా చూడండి.

పక్కింటి పిల్ల సంగతి చెప్పలేదు కదూ. దగ్గర్లోని హైస్కూలు వాలీబాల్ జట్టులో ఆడేది. మార్చి నెలలో రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి ఇంటికి గంటన్నర దూరంలో వున్న పెద్ద యూనివర్సిటీ. చదువు బాగుంటుంది, జట్టులో చోటు లేదు. రెండోది ఎక్కడో ఉత్తరాన, మంచు పడే చోట చిన్న కాలేజీ. ఆటకి స్కాలర్‌షిప్పు ఇస్తామన్నారు. తల్లికి మొదటిదే ఇష్టం. మా వంటింట్లో కూర్చుని, “పన్నెండేళ్ళు నా బల్ల దగ్గరే చదివింది. తప్పు చేస్తోందనిపిస్తే చెప్పనా వద్దా?” అని కళ్ళు తుడుచుకుంది.

“ఒక్కసారి చెప్పు. రెండోసారి చెప్పకు” అన్నాను. అంతకన్నా నాకు తెలిసిందేముంది? మా యింట్లో అసలెవరూ అడగనే లేదు.

ఆ పిల్ల మంచు వూరికే వెళ్ళింది. తప్పో ఒప్పో నాలుగేళ్ళు పోతేగాని తెలియదు. తెలిసినా అది తనది.

వెళ్ళేముందు వారం మా అల్లుడు పెరట్లో రెండు చెట్లకి తాడు కట్టాడు. రబ్బరు రింగు ఎక్కడో తెప్పించాడు. ఆ పిల్లకీ, మా మనవరాలికీ టెన్నికాయిట్ నేర్పాను. యాభై ఏళ్ళ పైన అయిందేమో చెయ్యి తిప్పి. అయిదడుగుల పది అంగుళాల ఆటగత్తె నా చేతిలో వోడిపోయింది. నిజంగా వోడిందో, పెద్దదాన్నని వోడిపోయిందో నేను అడగలేదు. మా మనవరాలు మాత్రం, “అమ్మమ్మా, చెప్పనే లేదే నువ్వు ఆడతావని!” అంది.

ఎవరైనా అడిగితే కదే, చెప్పడానికి!