చాటింపు నుంచి స్పెక్ట్రం ఫీజు దాకా: గాలి మీద శిస్తు ఎవరు కట్టాల?

ఊళ్లో మొదటి ప్రసారకర్త ఎవరు అని అడిగితే చరిత్ర పుస్తకాలు మార్కోనీ దగ్గర మొదలుపెడతాయి. మేము పలక దగ్గర మొదలుపెడతాం. కుప్పం, పుంగనూరు, మదనపల్లె వైపు పల్లెల్లో ఏ కబురైనా ఊరంతటికీ చేరాలంటే పలక మోగాల్సిందే. శిస్తు గడువు, జాతర, చెరువు మరమ్మతు, పంచాయితీ, దేన్నయినా వీధివీధి తిరిగి చాటింది మాదిగలు, తోటీలు. గొంతు మాది, చర్మం మాది, నడక మాది. మాట మటుకు మాది కాదు. అది కరణానిది, రెడ్డిది, జమీందారుది. ఆ చాటింపుకు మేము ఫీజు కట్టలేదు, కూలీ పుచ్చుకోలేదు. అది వెట్టి.

1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం తనకు 'దండోరా' అని పేరు పెట్టుకున్నప్పుడు తిరగబడింది ఈ అర్థమే. దొర మాట చాటిన పలక మీదనే మన మాట మనం చాటుకుంటామని ఆ పేరు ప్రకటించింది. అయితే పలక చప్పుడు ఊరి పొలిమేర దాటదు. దాటాలంటే రేడియో కావాల. రేడియో పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల, ఏటా ఫీజు కట్టాల. ఈ ఫీజు చరిత్రను మన ఉద్యమాలు ఇంతవరకూ పట్టించుకోలేదు. భూమి గురించి మాట్లాడినంతగా గాలి గురించి మాట్లాడలేదు. ఆ లోటును కొంతైనా పూడ్చాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

వినడానికీ పన్నే

మన జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1924లో మద్రాసులో రేడియో క్లబ్బు ఒకటి పుట్టింది. డబ్బు చాలక 1927లో మూతబడింది. దాని యంత్రాన్ని తీసుకుని మద్రాసు కార్పొరేషన్ 1930లో ప్రసారాలు మొదలుపెట్టింది. 1927 జులైలో బొంబాయిలో మొదలైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ గతీ అంతే. రేడియో పెట్టె ఉన్న ప్రతివాడూ ఏటా పది రూపాయల లైసెన్సు కట్టాల, అందులో పెద్ద వాటా కంపెనీకి రావాల అన్నది లెక్క. దేశం మొత్తం మీద ఎనిమిది వేల లైసెన్సులు కూడా కాకముందే, 1930లో, కంపెనీ దివాలా తీసింది. కూలి అణాల్లో ఉన్న రోజుల్లో పది రూపాయల లైసెన్సు, దాని మీద పెట్టె ఖరీదు! ఆ రేడియో ఎవరింటికి చేరిందో వేరే చెప్పనక్కర లేదు.

1885 టెలిగ్రాఫు చట్టం తీగలను సర్కారు గుప్పిట్లో పెట్టింది. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా రేడియో పెట్టె ఉంచుకోవడాన్నే నేరం చేసింది. స్వాతంత్ర్యం వచ్చినా ఆ చట్టాలు పోలేదు. పోస్టాఫీసుకు పోయి పుస్తకంలో స్టాంపు వేయించుకునే రేడియో లైసెన్సు 1980ల నడుమ దాకా నడిచింది. ఇక పంచాయతీ రేడియో ఉండేది పంచాయతీ ఆఫీసులో, ఆఫీసు ఉండేది ఊళ్లో. ఆదియాంధ్రవాడలో ఉండేవాళ్లకు గాలివాటుగా వచ్చినంతే పాట, గాలివాటుగా వచ్చినంతే వార్త.

1954 అక్టోబరులో అంబేడ్కర్ ఆకాశవాణిలో తన జీవన తాత్వికత గురించి మాట్లాడారు. స్వేచ్ఛ, సమానత, సోదరభావం అనే మూడు మాటలను తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాక బుద్ధుడి నుంచి తెచ్చుకున్నానని చెప్పారు. ఆ మాటలు ఎవరి కోసం పుట్టాయో ఆ జనంలో ఎంతమందికి ఆనాడు పెట్టె ఉంది, లైసెన్సు ఉంది? ప్రసార చరిత్ర రాసేవాళ్లు స్టేషన్లను లెక్కబెడతారు గాని, ఆ మాట చేరని వాడలను లెక్కబెట్టరు.

తీర్పు ఒక దారి, వేలం ఇంకో దారి

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ కీలకం. తగాదా క్రికెట్ ప్రసారాల గురించి, కేసు వేసింది బెంగాల్ క్రికెట్ సంఘం. అయినా జస్టిస్ సావంత్, జస్టిస్ మోహన్, జస్టిస్ జీవన్ రెడ్డిల బెంచి క్రికెట్‌ను దాటిపోయి, గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. వాటిని ప్రజల మేలు కోసమే వాడాల, అందుకు సర్కారు అదుపులో లేని స్వతంత్ర సంస్థ కావాల అన్నది తీర్పు సారం. ప్రైవేటు గుత్తాధిపత్యం సర్కారు గుత్తాధిపత్యం కన్నా మేలేమీ కాదని జీవన్ రెడ్డి హెచ్చరించారు కూడా.

ప్రజల ఆస్తి అన్న మాటను పాలకవర్గం ఎట్లా అర్థం చేసుకుందో చూడండి. 1999-2000లో ఎఫ్ఎం తరంగాలను వేలానికి పెట్టారు. 40 నగరాల్లో 108 తరంగాలు. పాడుకున్నవాళ్లు ఏటా లైసెన్సు ఫీజు కట్టాల, అది ఏడాదికి 15 శాతం చొప్పున పెరుగుతూ పోవాల. ఆ లెక్కన అయిదేళ్లలో ఫీజు రెట్టింపు అవుతుంది, పదో ఏడు వచ్చేసరికి మొదటి ఏటి ఫీజుకు మూడున్నర రెట్లు అవుతుంది. డబ్బున్న కంపెనీలే ఆ బరువు మోయలేకపోయాయి. చివరికి నడిచినవి ఇరవై పైచిలుకు స్టేషన్లే. కంపెనీలు మొరపెట్టుకున్నాయి, కమిటీ వేశారు, 2005లో రెండో దఫాకు పద్ధతినే మార్చారు. ఏటా కట్టేది మొత్తం రాబడిలో 4 శాతం అన్నారు, దానికొక కనీస మొత్తం పెట్టారు. అంటే వ్యాపారి కష్టాన్ని సర్కారు అయిదారేళ్లలో అర్థం చేసుకుంది. రాబడిని బట్టి ఫీజు అనే న్యాయం వాళ్ల విషయంలో వెంటనే తట్టింది.

మాచనూరు ఆడోళ్లు

ఇంకో వైపు చూద్దాం. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980ల నుంచి దళిత స్త్రీల సంఘాలతో పనిచేస్తున్నది. కొర్ర, జొన్న, సజ్జ పండించే బీద ఆడవాళ్లు తమ విత్తనాల గురించి, వైద్యం గురించి, పాటల గురించి తమ యాసలోనే మాట్లాడుకోవాలని రేడియో అడిగారు. యునెస్కో సాయంతో 1998 నాటికి మాచనూరులో స్టేషను సిద్ధమైంది. యంత్రం ఉంది, గొంతులున్నాయి, అనుమతి లేదు. పదేళ్లు వాళ్లు కార్యక్రమాలను క్యాసెట్లకెక్కించి, ఆ క్యాసెట్లను సంఘాల దగ్గరికి మోసుకెళ్లి వినిపించారు. గాలిలో పోవాల్సిన మాటను కాళ్ల మీద మోశారన్నమాట. పలక కాలమే మళ్లీ వచ్చింది.

2002 డిసెంబరులో సర్కారు కమ్యూనిటీ రేడియోకు తలుపు తీసింది, చదువుల సంస్థలకు మాత్రమే. 2004 ఫిబ్రవరిలో మద్రాసులో అన్నా విశ్వవిద్యాలయం స్టేషను మొదలైంది. చదువుకున్నోళ్ల చేతిలో అయితే గాలికి ప్రమాదం లేదని, చదువు రాని దళిత ఆడదాని చేతిలో అయితే దేశభద్రతకే ముప్పని కాబోలు! 2006 నవంబరు విధానంతో గాని స్వచ్ఛంద సంస్థలకు దారి దొరకలేదు. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ సావంతే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు మైకు, మిక్సరు, రికార్డింగు అన్నీ తామే చూసుకుంటూ స్టేషను నడిపారు.

రెండు కిటికీలు, ఒక ఫీజు

ఇక్కడ పని జరిగే తీరు తెలుసుకోవాల. స్టేషను పెట్టేవాళ్లు రెండు కిటికీల ముందు నిలబడాలి. సమాచార ప్రసార శాఖ అనుమతి ఇస్తుంది. దానికి లైసెన్సు ఫీజు లేదు గాని 2006 విధానంలో 25,000 రూపాయల బ్యాంకు గ్యారంటీ అడిగారు. తరంగం ఇచ్చేది మటుకు టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం. ఏటా స్పెక్ట్రం ఫీజు కట్టాల్సింది అక్కడ. ఒక చేత్తో ఇది లాభాపేక్ష లేని రేడియో అంటారు, రెండో చేత్తో తరంగం వాడుకున్నందుకు బాడుగ అడుగుతారు.

ఆ బాడుగ ఏడాదికి 19,700 రూపాయలుండేది. 2012లో దాన్ని ఒక్కసారిగా 91,000 చేశారు. నాలుగున్నర రెట్లకు పైమాటే. రాబడిలో శాతం కాదు, రాబడి ఉన్నా లేకున్నా 91,000. ఈ అంకెను మన కొలతలో చూద్దాం. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజుకూలి 137 రూపాయలు. పాత ఫీజు 144 రోజుల కూలి. కొత్త ఫీజు 664 రోజుల కూలి. అప్పటి చట్టం ఒక కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చింది వంద రోజుల పని. అంటే ఆరు కుటుంబాలు ఏడాదంతా మట్టి తవ్విన కూలి మొత్తం, ఇంకో కుటుంబం కూలిలో సగానికి పైగా, ఒక చిన్న స్టేషను గాలి బాడుగకే సరిపోతుంది. కరెంటు బిల్లు, యంత్రం రిపేరు, పనిచేసేవాళ్ల కూలి దీనికి అదనం.

ప్రకటనలతో సంపాదించుకోండి అనవచ్చు. అప్పటి నిబంధన ప్రకారం గంటకు అయిదు నిమిషాలకు మించి ప్రకటనలు వేయరాదు. వేసినా, కొర్ర విత్తనం దాచుకోండి అని చెప్పే రేడియోకు విత్తనాల కంపెనీ ప్రకటన ఇస్తుందా? ఇస్తే తీసుకోవచ్చునా? వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయాలు చెప్పరాదన్నది ఇంకో నిబంధన. వాడ మీద దాడి జరిగితే వాడలోని రేడియో దాన్ని వార్తగా చెప్పకూడదు. 2017లో ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు తిరిగి వినిపించుకోవచ్చని సడలించారు. అది వార్త వినే హక్కే గాని చెప్పే హక్కు కాదు. దొర మాటను చాటే పాత వెట్టికీ దీనికీ తేడా ఎంత?

2012 పెంపు మీద కమ్యూనిటీ రేడియోలన్నీ గొంతెత్తాయి. సర్కారు వెనక్కి తగ్గింది, పెంపు రద్దయింది. ఇది చిన్న గెలుపు కాదు. కానీ ఒక సంగతి మరువరాదు. ఫీజును ఒక ఉత్తరంతో పెంచగలిగినవాళ్లు ఇంకో ఉత్తరంతో తగ్గించారు. హక్కుగా తగ్గలేదు, దయగా తగ్గింది. దయ అయితే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

పట్టా ఎవరి పేర?

ఇక్కడ మేము మనల్ని మనం కూడా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. స్టేషను నడిపేది దళిత స్త్రీలే. కానీ 2006 విధానం ప్రకారం అనుమతి వ్యక్తులకు ఇవ్వరు, కనీసం మూడేళ్ల కిందట రిజిస్టరైన సంస్థకే ఇస్తారు. ఫీజు కట్టేదీ కాగితం మీద సంతకం పెట్టేదీ సంస్థే. మా చిత్తూరు జిల్లాలో డీకేటీ పట్టాల కథ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. దున్నేది ఒకరు, కాగితం ఇంకొకరి పేర. సంస్థలు చేసిన మేలును మేము తక్కువ చేయడం లేదు, పస్తాపూర్‌లో సంస్థ వెంట నిలవకపోతే ఆ పదేళ్ల పోరు సాగేది కాదు. అయినా విరాళాలు ఆగిన నాడు, సంస్థ మూతబడిన నాడు ఆ గొంతు ఏమవుతుంది? ఏటేటా ఫీజు ఎంత పెద్దదైతే సంస్థ మీద ఆధారపడడం అంత పెరుగుతుంది. ఫీజు డబ్బు సమస్య మాత్రమే కాదు, యాజమాన్యం సమస్య అని మేమంటున్నది ఇందుకే.

కుప్పం సంగతికొద్దాం. మూడు రాష్ట్రాల మూల ఇది. మా తెలుగులో అరవం ఉంది, కన్నడం ఉంది. కోలారు బంగారు గనుల్లో దిగి రాళ్ల దుమ్ము మింగినవాళ్లలో ఎక్కువమంది దళితులే. 2001లో గనులు మూసేశాక ఆ కాలనీల జనం తెల్లారితే బెంగుళూరు రైలెక్కుతున్నారు. కుప్పం నుంచీ అదే రైలుదారి. మా ముందు తరాలు విన్నది మద్రాసు, బెంగుళూరు స్టేషన్లు. ఆ స్టేషన్లలో అచ్చమైన అరవం, అచ్చమైన కన్నడం, పండితుల తెలుగు వినబడ్డాయి గాని ఈ మూల మాట వినబడలేదు. ఒక ఆదియాంధ్రవాడ తన స్టేషను తాను పెట్టుకోవాలంటే దాని ముందు ఇప్పటికీ నిలబడేవి ఆ రెండు కిటికీలే.

1885, 1933 చట్టాల స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది, 2024 జూన్ నుంచి అంచెలంచెలుగా అమలులోకి వస్తున్నది. 2024లో కమ్యూనిటీ రేడియో విధానాన్ని కూడా సవరించి ప్రకటనల సమయాన్ని గంటకు 12 నిమిషాలకు పెంచారు. బజారులో సంపాదించుకుని బతకండి అనే దారే ఇది. గాలి ప్రజల ఆస్తి అన్న 1995 మాట మటుకు ఫీజుల పట్టికలోకి ఇంకా దిగిరాలేదు.

నియంత్రణే వద్దని మేము అనడం లేదు. ఒకరి తరంగం మీద ఇంకొకరు ఎక్కకుండా చూసేవాళ్లు ఉండాల. డబ్బు చేసుకునేవాళ్ల దగ్గర ప్రజల ఆస్తికి బాడుగ వసూలు చేయాల. అయితే వ్యాపారికి రాబడిలో శాతమనే న్యాయం ఉన్నప్పుడు, రాబడి లేని వాడకు సున్నా అనే న్యాయం ఎందుకుండదు? ఆ సున్నాను ఏదో శాఖ ఉత్తరంలో కాక చట్టంలో రాయించుకోవాల. కూలి సంఘాలు, స్త్రీల సంఘాలు నేరుగా తమ పేర అనుమతి పొందే వీలుండాల. మన వార్త మనం చెప్పుకునే హక్కు ఉండాల. భూమికి, చదువుకు, కొలువుకు వాటా అడిగిన ఉద్యమాలు గాలిలో వాటాను తమ డిమాండ్ల జాబితాలో చేర్చుకోవాలని, దీని మీద చర్చ సాగాలని మేము కోరుతున్నాం. పలక మాదైనప్పుడు మాట కూడా మాదే కావాల. ఆ మాటకు మళ్లీ శిస్తు కట్టమంటే, ఎన్ని తరాల వెట్టికి చెల్లు పెట్టుకుంటారో ముందు సర్కారు లెక్క చెప్పాల.