త్సావో సింహములు: వేటకాని వాంగ్మూలము

వేటకాండ్ర మాటలను లోకము పూర్తిగా నమ్మినదియు లేదు, పూర్తిగా విడిచిపెట్టినదియు లేదు. చావడిమీద కూర్చుండి పులికథ చెప్పువాని చుట్టును జనము మూగుదురు. వాడు లేచిపోయిన పిమ్మట, చెప్పినదానిలో పాలెంత, నీళ్లెంత యని తర్కింతురు. ఆఫ్రికాఖండమున వేటాడి గ్రంథములు వ్రాసిన పాశ్చాత్యుల విషయమునను జరిగినది ఇదియే. ఆఫ్రికా యన నెట్టిదో ఆ గ్రంథములను చదివియే ఐరోపా, అమెరికా ప్రజలు చిరకాలము ఊహించుకొనిరి. అందలి సంగతులను చరిత్రకారుడు సాక్ష్యముగా గ్రహింపవచ్చునా, గ్రహించినచో ఎంతవరకు, అను ప్రశ్న మాత్రము ఎప్పటికప్పుడు తిరిగి వచ్చుచునే యున్నది.

ఆ గ్రంథములలో పెక్కింటిని పరీక్షించుటకు సాధనము లేదు. వేటకాడు పోయెను, మృగము పోయెను, మాట మిగిలెను. ఒక్క గ్రంథము విషయమున మాత్రము మృగముల చర్మములును పుఱ్ఱెలును నేటికిని నిలిచియున్నవి. అది జాన్ హెన్రీ పాటర్సను 1907లో లండను నగరమున ప్రచురించిన త్సావో నరభక్షకుల చరిత్రము. అందు చచ్చినవారిలో పలువురు మన దేశపు కూలీలగుటచే ఆ పరీక్ష మనకు పరాయిది కాదు.

తూర్పు ఆఫ్రికాలో మొంబాసా రేవునుండి విక్టోరియా సరస్సువరకు బ్రిటిషువారు వేసిన రైలుమార్గమునకు ఉగాండా రైల్వే యని పేరు. 1896లో ఆరంభమైన పని 1901లో సరస్సు తీరమును చేరెను. ఇందులకై భారతదేశమునుండి సుమారు 32,000 మంది పనివారిని తరలించిరి. వీరిలో అధికసంఖ్యాకులు పంజాబు ప్రాంతమువారు. కరాచీ రేవున ఓడ యెక్కినవారు. ఆ కాలమున తెలుగు కూలీలు మదరాసు రేవునుండి నేటాలు మొదలగు దేశములకు పోవుచుండిరి గాని, ఈ రైలుమార్గమునకు వచ్చిన వారి దారి వేఱు. వచ్చినవారిలో సుమారు 2,500 మంది ఆ పనిలోనే మరణించిరి. వీరిలో పెక్కుమందిని పొట్టనబెట్టుకొన్నవి సింహములు కావు, చలిజ్వరమును రక్తగ్రహణియును.

పాటర్సను 1867లో ఐర్లండున జన్మించిన సైనికోద్యోగి. భారతదేశమున కొలువు చేసి హిందుస్తానీ నేర్చినవాడు. 1898 మార్చి మొదట మొంబాసాలో దిగి, త్సావో నదిపై వంతెన కట్టించుటకు నియుక్తుడయ్యెను. ఆతడు వచ్చిన కొలది దినములకే గుడారములనుండి మనుష్యులు మాయమగుట ఆరంభమయ్యెను. తొలుత అతడు నమ్మలేదు. డబ్బుకొఱకు తోటివారే చంపియుందురని తలచెను. ఉంగన్ సింగను జమాదారును గుడారములోనుండి సింహమొకటి యీడ్చుకొనిపోయిన తరువాతగాని అతనికి నిజము బోధపడలేదు.

ఆనాటినుండి డిసెంబరు కడపటివరకు, నడుమ నడుమ ఆగుచు, ఈ యుపద్రవము సాగెను. ముండ్లకంపలతో ఎత్తుగా కంచెలు వేసిరి, రాత్రియెల్ల మంటలు వేసిరి, డబ్బాలు వాయించిరి. సింహములు కంచెలను దూరి వచ్చుచునే యుండెను. అవి నిజమైన మృగములు కావనియు, తమ నేలమీదుగా రైలు పోవుట సహింపని నాయకుల ప్రేతములనియు పనివారు చెప్పుకొనిరి. డిసెంబరు 1వ తేదీన వారు పాటర్సనువద్దకు వచ్చి, తాము సర్కారు పనికి ఒడంబడి వచ్చితిమేగాని సింహములకు ఆహారమగుటకు రాలేదని స్పష్టముగా చెప్పిరి. వందలకొలదిమంది పట్టాలమీద పడి, వచ్చుచున్న రైలును ఆపి, దొరికిన బండి యెక్కి వెడలిపోయిరి. మూడు వారములపాటు పని నిలిచిపోయెను. ఈ వార్త లండనులోని ప్రభువుల సభవరకు పోయి, ప్రధానమంత్రి సాలిస్బరీ ప్రభువే దానిని ప్రస్తావించెను.

మొదటి సింహము డిసెంబరు 9వ తేదీ రాత్రియు, రెండవది 29వ తేదీనను పాటర్సను తుపాకికి గూలెను. రెండును మగవి, రెంటికిని జూలు లేదు. మొదటిదాని పొడవు ముక్కునుండి తోకకొనవరకు తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళములు. దానిని మోయుటకు ఎనిమిదిమంది కావలసివచ్చిరి.

ఇంతవరకు చెప్పినది పాటర్సను గ్రంథమును అనుసరించినది. దీనిని నమ్ముటకు ప్రబలమైన హేతువొకటి కలదు. ఆ గ్రంథమున అతడు తన పరాజయములను దాచలేదు. ఇనుప కడ్డీలతో గట్టి బోను కట్టించి, అందు సిపాయిలను ఎరగా కూర్చుండబెట్టెను. సింహము లోనికి వచ్చెను, తలుపు పడెను. సిపాయిలు భయముచే తోచినట్లు కాల్చిన గుండ్లలో ఒకటి కడ్డీని విఱుగగొట్టగా, సింహము తప్పించుకొనిపోయెను. మఱియొకనాడు ఎరవు తెచ్చిన తుపాకి, సింహము ఎదుట నిలిచిన సమయమున ప్రేలలేదు. కూలి తగ్గించినందుకు రాతిపనివారు తనను చంపుటకు కుట్ర పన్నిన సంగతినిగూడ అతడే వ్రాసెను. బడాయికోరు ఇట్టివి చెప్పుకొనడు. వేటకాడు గుఱి తప్పినచోట చరిత్రకారుడు వానిని నమ్మవచ్చును. గుఱి తగిలినచోట మాత్రము రెండవ సాక్షిని వెదకవలెను.

ఆ రెండవ సాక్షియు ఇచ్చట లేకపోలేదు. సింహములు చచ్చిన పిమ్మట పనివారు పాటర్సనుకు ఒక వెండిపాత్ర బహూకరించిరి. వారిలో రోషన్ అను మేస్త్రీ హిందుస్తానీలో పద్యము రచించి ఆ సంఘటనమును కీర్తించెను. దాని అనువాదమును పాటర్సను తన గ్రంథమునకు అనుబంధముగా చేర్చెను. పొగడ్తకై వ్రాసిన పద్యమును మక్కికి మక్కిగా గ్రహింపరాదనుట నిజమే. అయినను, త్సావోలో నిద్రలేక గడపిన రాత్రులనుగూర్చి దొర గాక వేఱొకడు, పనివాడు, పలికిన మాట అది. వేటగ్రంథములలో ఇట్టి కంఠస్వరము మిక్కిలి అరుదు.

ఇక సంఖ్య విషయము. 1907 నాటి గ్రంథమున పాటర్సను చెప్పినది 28 మంది భారతీయ కూలీలని. వారుగాక ఆఫ్రికావారు పెక్కుమంది చచ్చిరనియు, వారికి సర్కారు లెక్క లేదనియు అతడే చేర్చెను. పదునెనిమిదేండ్లు గడచెను. చికాగో నగరమున ఉపన్యసింప బోయిన పాటర్సను, అంతవరకు తన యింట నేలమీద పఱచుకొన్న ఆ సింహచర్మములను, పుఱ్ఱెలతోగూడ 1924లో అచ్చటి ఫీల్డు మ్యూజియమునకు 5,000 డాలర్లకు విక్రయించెను. 1925లో ఆ మ్యూజియముకొఱకు వ్రాసిన చిన్నపుస్తకమున మృతుల సంఖ్య 135 అయ్యెను. ఈ పెరిగిన సంఖ్యకు ఆధారమేమో అతడు చూపలేదు. చెప్పగా చెప్పగా పెరుగుట కథకు సహజమని సరిపెట్టుకొనవచ్చును. కాని చర్మముల వెలకును సంఖ్యకును సంబంధము లేదని నిశ్చయముగా చెప్పుటయు కష్టమే.

విచిత్రమేమనగా, ఆ విక్రయమే తరువాతి కాలమున సత్యశోధనకు తోడ్పడెను. మ్యూజియములో పుఱ్ఱెలు భద్రముగా నుండుటచే శాస్త్రజ్ఞులు వాటిని విచారింపగలిగిరి. మొదటి సింహమునకు క్రింది దవడ కోర విఱిగి, మొదట చీము పట్టినదని తేలెను. బలమైన మృగములను పట్టుటకు నోరు సహకరింపని జంతువు మెత్తని ఆహారమునకు మరలుట సంభవమే. 1890 తరువాతి సంవత్సరములలో పశువులకు సోకిన మహామారి అడవిదున్నలను నాశనము చేసియుండెను. బానిసల బిడారులు పూర్వమునుండియు త్సావో మీదుగానే నడచుచుండుటచే ఆ దారిలో దిక్కులేని శవములును సింహములకు కొఱతకాలేదు.

2009లో శాస్త్రజ్ఞులు వేఱొక ఉపాయము పన్నిరి. జంతువు తిన్న ఆహారములోని కర్బన, నత్రజని భేదములు దాని ఎముకలలోను వెండ్రుకలలోను గుర్తుగా నిలిచిపోవును. ఆ గుర్తులనుబట్టి లెక్కింపగా, రెండు సింహములును కలిసి తిన్నవారు సుమారు 35 మంది యనియు, ఆ సంఖ్య తక్కువలో తక్కువ 4, ఎక్కువలో ఎక్కువ 72 కావచ్చుననియు తేలెను. అందును విఱిగిన కోర గలది 24 మందిని, రెండవది 11 మందిని తినియుండునని అంచనా. రెండును కలిసి తిరిగినను ఒకటే యెక్కువగా నరమాంసమునకు అలవాటుపడినదన్నమాట. ఈ భేదము పాటర్సనుకు తెలియదు. చీకటిలో మంచెమీద కూర్చున్నవానికి తెలియు సంగతియు కాదు.

135 అను సంఖ్య దీనితో నిలువజాలదు. అయినను ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. ఎముకలు చెప్పునది తిన్నదానిని మాత్రమే. చంపి విడిచిపెట్టినవారు, గాయపడి పిదప చచ్చినవారు ఆ లెక్కలోనికి రారు. 2017లో దంతముల అరుగుదలను పరిశీలించినవారు, ఈ సింహములు తమ కడపటి దినములలో ఎముకలను కొఱికినట్లు కనబడదనిరి. రాత్రివేళ ఎముకలు పటపట విఱుగు చప్పుడు వింటినని పాటర్సను వ్రాసెను. దంతపు గీతలు చివరి కొలది కాలమునే తెలుపునుగనుక ఈ ఒక్కదానితో అతనిని అసత్యవాది యనరాదు.

అసలు, 28కిని 35కును నడుమ నున్న ఎడమే గమనింపదగినది. భారతీయ కూలీకి జీతపు పట్టీలో పేరుండెను. కావున వాడు చచ్చినచో లెక్కకు వచ్చెను. ఆ సీమకు చెందిన తాయితా మొదలగు జాతులవారు తమ గ్రామములలో చచ్చినచో వ్రాసికొనువాడే లేడు. సంఖ్యను పెంచిన పాటర్సను వారికి న్యాయము చేయలేదు. లెక్కలేని వారిని లెక్కపెట్టినట్లు కనబడజేసెను, అంతే. అత్యుక్తివలన మృతుడు మఱింత అనామకుడగును. ఇక జ్వరములచే చచ్చిన వేలమంది మాట చెప్పనక్కఱలేదు. వారినిగూర్చి చెప్పుటకు వేటకానికి కథ లేదు.

ఇట్టి తారతమ్యములు తక్కిన వేటగ్రంథకర్తల యందును కలవు. పాటర్సను గ్రంథమునకు పీఠిక వ్రాసిన ఫ్రెడరిక్ సెలూసు సత్యవాదియని పేరుగన్నవాడు. ఆ పేరే పాటర్సను గ్రంథమునకును కొంత పూచీ అయ్యెను. డబ్ల్యు.డి.ఎం. బెల్ వేయికి మించి ఏనుగులను చంపెను. అవి దంతములుగా అంగడికెక్కినవిగాన లెక్కకు నిలుచును. 1909లో వేటకు బయలుదేరిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు, తానును కుమారుడును కలిసి 512 జంతువులను చంపితిమని పట్టికవేసి ప్రకటించెను. చదువ రుచింపని నిజాయితీ యది. 1977లో తొలి గ్రంథము ప్రచురించిన పీటర్ కేప్‌స్టిక్ మాట వేఱు. అతని సాహసములలో కొన్ని పరులవని తోటి వేటకాండ్రే శంకించిరి. అయినను మఱుగునబడిన పూర్వుల గ్రంథములను తిరిగి అచ్చువేయించి క్రొత్త పాఠకులను సంపాదించిపెట్టినవాడును అతడే.

పాటర్సను తరువాతి జీవితమును మచ్చలేనిది కాదు. మృగసంరక్షణాధికారిగా నున్నపుడు, 1908లో అతనితో ప్రయాణించిన బ్లైత్ అనువాడు గుడారములో తుపాకిదెబ్బతో మరణించెను. దానినిగూర్చి వదంతులు ప్రబలెను. ప్రభుత్వము అతనిని నిర్దోషి యన్నను, ఆ పదవి నిలువలేదు. హెమింగ్వే 1936లో ప్రచురించిన మకోంబరు కథకు ఈ సంగతియే బీజమని విమర్శకులు తలంతురు. ఇతరుల మరణమును కథగా వ్రాసినవాడు తుదకు తానే యొకరి కథలో చిక్కుకొనెను.

ఈ రచనల ప్రభావము మాత్రము ప్రామాణ్యముతో నిమిత్తము లేకుండ వ్యాపించినది. త్సావో కథను 1952లో ఒకసారి, 1996లో మఱియొకసారి చలనచిత్రముగా తీసిరి. రెండవదానిలో మన ఓంపురి నటించెను. అందులోని సింహములకు నిండుజూలు; సహాయమునకు వచ్చిన అమెరికా వేటకాడు కేవలము కల్పితుడు. లోకమునకు నేడు తెలిసిన త్సావో ఎక్కువగా ఆ చిత్రములోనిదే. మన దేశమున జిమ్ కార్బెట్టు 1944లో ప్రకటించిన కుమావూ నరభక్షకుల చరిత్రమును, నాటి చిత్తూరు జిల్లా చామల లోయలోని పులినిగూర్చి బెంగుళూరునుండి కెనెత్ ఆండర్సను వ్రాసిన కథయును పాఠకుల చేతికి వచ్చునప్పటికి, నరభక్షకుని కథ యెట్లు నడువవలెనో వారి కదివఱకే పరిచితము. మఱియొక వైపున, 1917లో యుద్ధమున మరణించిన సెలూసు పేరిట తూర్పు ఆఫ్రికాలో విశాలమైన అభయారణ్యము వెలసెను. 2019లో టాంజానియా ప్రభుత్వము అందులో పెద్దభాగమును వేఱుచేసి నైరేరే పేరు పెట్టినది.

2024లో ఆ విఱిగిన కోరల సందులలో ఇమిడియున్న వెండ్రుకలను వెలికితీసి వంశసూత్రములను పరీక్షించిరి. జిరాఫీ, జీబ్రా, ఒరిక్సు, నీటిజింక, గ్నూ అను మృగముల వెండ్రుకలతోపాటు మనుష్యుల వెండ్రుకలును అందు కనబడెను. ఆ మనుష్యు లెవరు, ఏ దేశమువారు అను విచారణను మాత్రము పరిశోధకులు తొందరపడి ప్రకటింపలేదు. చచ్చినవారి సంతతివారు ఆ ప్రాంతమున నేటికిని ఉండవచ్చునుగాన, ముందు ఆ ప్రజలతో సంప్రదించి పిమ్మట ముందుకు సాగుదుమని వారు తెలిపిరి.