గుండె ఆకారపు కార్డు, లోపల మన అక్షరం



ఈ ఉగాదికి మన పిల్లలచేత గుండె ఆకారంలో మడిచే గ్రీటింగ్ కార్డు చేయిద్దాం. ఇది చిన్నపిల్లల ఆట కదా అనుకోకండి. దీని వెనక చరిత్ర ఉంది.

ఐరోపాలో 1470ల్లో మాంషెన్యూ అనే ఒక మతాధికారి కోసం పాటల పుస్తకం ఒకటి రాయించారు. మూస్తే ఒక గుండె, తెరిస్తే రెండు గుండెలు. ఇప్పుడది ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. ఆ రోజుల్లో అలాంటిది గొప్పింటివాళ్లకే.

సామాన్యుడి దాకా కార్డును తెచ్చింది తపాలా. 1840లో బ్రిటన్‌లో అర ఔన్సు జాబు దేశంలో ఎక్కడికైనా ఒక పెన్నీకే పోసాగింది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అచ్చువేయించిన క్రిస్మస్ కార్డు ఖరీదు ఒక షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు. పంపడం చవక, కొనడం ఖరీదు! చేత్తో చేసుకున్నవాడికే లాభం.

మన దేశంలో 1854లో అర అణాకు జాబు ఎంత దూరమైనా పోయే ఏర్పాటు వచ్చింది. తర్వాతి కాలంలో తమిళనాట పొంగల్ కార్డులు వచ్చాయి. పండగ ముందు రైలు మెయిలు వ్యానుల్లోకి ఎక్కే సంచులను ఉద్యోగంలో ఉండగా నేనూ చూశాను. అన్నీ తమిళంలో, లేకపోతే ఇంగ్లీషులో. మన ఇళ్లలో అవ్వతో తెలుగులో మాట్లాడతాం, అవ్వకు కార్డు మాత్రం తమిళంలో రాస్తాం. తమిళ మీడియంలో చదివిన నేనూ అలాగే రాశాను. తెలుగు మన నోట్లో నిలిచింది, కాగితం మీదికి రాలేదు.

ఇక చేసే పద్ధతి. మందపాటి అట్ట మధ్యలో స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన పెన్నుతో గట్టిగా గీత గీయాలి. ఆ గీత మీద మడిస్తే అట్ట పగలదు. మడిచాక, ఎడమ అంచు మడతను కొంచెం దాటేలా పైన పూర్తి గుండె గీయాలి. రెండు పొరలూ కలిపి కత్తిరించాలి. మడత మీద రెండు వేళ్ల పొడవు మాత్రం కత్తెర పడకూడదు. అదే కార్డుకు కీలు. మూస్తే ఒక గుండె, తెరిస్తే రెండు, ఆ పాత పుస్తకంలాగే. మడత మీద సగం గుండె గీసి కత్తిరిస్తే మాత్రం విప్పినప్పుడు ఒక్క గుండే వస్తుంది, రాయడానికి లోపలి పేజీలు ఉండవు.

లోపలి రెండు పేజీలే ముఖ్యం. ఎవరికో, ఎవరు రాశారో, ఒక్క వాక్యం, పిల్లలే తెలుగులో రాయాలి. అక్షరం వంకరగా ఉన్నా పరవాలేదు, పెద్దవాళ్లు దిద్దవద్దు. అవ్వకు తెలుగు చదవడం రాకపోతే, రాసిన బిడ్డే పక్కన కూర్చుని చదివి వినిపించాలి. అట్టలు, కత్తెరలు ఎవరు తెస్తారో కింద చెప్పండి.