మెనూలు, టూల్‌బార్లు: తెర మీద చోటు కోసం పోటీ

ఆదేశాలన్నీ బట్టీపట్టి టైపు చేయాల్సిన అవస్థను మెనూ తప్పించింది. 1983లో ఆపిల్ లీసా, 1984 జనవరిలో మెకింటోష్ ఆ మెనూలను తెర పైఅంచున ఒకే వరుసలో నిలబెట్టాయి. మౌస్‌ను ఎంత విసురుగా తోసినా బాణం గుర్తు ఆ అంచు దాటిపోదు కాబట్టి గురి సులువుగా కుదురుతుంది. జాబితా కావలసినప్పుడే కిందికి దిగుతుంది, పని కాగానే మాయమవుతుంది. అప్పటి చిన్న తెరలకు అది పెద్ద ఆదా.

మెకింటోష్‌తోనే వచ్చిన మాక్‌పెయింట్ మాత్రం పెన్సిల్, కుంచె, రబ్బరు బొమ్మలను ఎడమ పక్కన ఎప్పుడూ కనబడేలా ఉంచింది. బొమ్మ గీసేవారు మాటిమాటికీ పనిముట్టు మారుస్తారు. ప్రతిసారీ మెనూ దించుతూ ఉంటే గీత సాగదు. తరచూ వాడేది కళ్లెదుట, అరుదుగా వాడేది మెనూలో అన్న విభజన అలా మొదట్లోనే ఉంది.

ఆఫీసు పనికి ఈ పద్ధతి టూల్‌బార్ అనే బటన్ల వరుసగా 1990లో ఎక్సెల్ 3.0తో, మరుసటి ఏడాది విండోస్ వర్డ్ 2.0తో వచ్చింది. కత్తెర బొమ్మ చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. అన్ని పనులకూ అలాంటి బొమ్మ దొరకదు గనక, బాణాన్ని బటన్ మీద నిలిపితే పేరు చూపించే చిన్న పెట్టెలు అవసరమయ్యాయి. బొమ్మకు మాట సాయం కావాలంటే మెనూ సగం గెలిచినట్టే.

కొత్త సౌకర్యం వచ్చినప్పుడల్లా దానికో బటన్ పుట్టింది. వర్డ్ 2003 నాటికి టూల్‌బార్లు ముప్పై దాటాయి. వెతుకులాట తప్పించాల్సినవే వెతుక్కోవాల్సినవయ్యాయి. మధ్యలో ఆఫీస్ 2000 అరుదుగా వాడే ఆదేశాలను మెనూలో దాచేసి, వాడకాన్ని బట్టి జాబితాను మార్చే ఉపాయం పన్నింది. నిన్న ఉన్నచోట ఇవాళ లేని ఆదేశం చేతి అలవాటును చెడగొడుతుంది. మెనూకున్న అసలు బలమే స్థిరత్వం. దాన్నే వదులుకోవడం ఈ చరిత్రలోకెల్లా పెద్ద పొరపాటు.

ఒప్పుకున్న వాడుకరుల నుంచి మైక్రోసాఫ్ట్ సేకరించిన లెక్కల్లో, వర్డ్ 2003 ఆదేశాల వాడకంలో దాదాపు 32 శాతం పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్ అనే అయిదింటిదే. పేస్ట్ ఒక్కటే 11 శాతం పైచిలుకు. ఈ అయిదింటికీ టూల్‌బార్‌లో చోటు గురించి తగాదా లేదు. చిక్కంతా మిగతా మూడింట రెండు వంతులతోనే: అది వందల ఆదేశాల మీద చెదిరిపోయి ఉంది, ఒకరికి అవసరమైనది మరొకరికి అక్కర్లేదు.

ఆఫీస్ 2007లో వర్డ్, ఎక్సెల్ వంటివి మెనూలు, టూల్‌బార్లు రెండింటినీ పక్కనపెట్టి రిబ్బన్ తెచ్చాయి. మెనూలాగా పనుల వారీ విభాగాలు, టూల్‌బార్‌లాగా ఎదుటే బటన్లు, చాలావాటికి పక్కనే పేర్లు. ఏళ్ల తరబడి పాత చోట్లకు అలవాటుపడినవారు విసుక్కున్నారు. సేవ్, ప్రింట్ లాంటివాటిని మూలనున్న గుండ్రని గుర్తు వెనక చేర్చడంతో, అది అలంకారమనుకుని నొక్కనివారూ ఉన్నారు. 2010లో ‘ఫైల్’ అన్న మాట తిరిగి తన చోటికి వచ్చింది. మాక్‌లో పైఅంచు పట్టీ ఆపరేటింగ్ సిస్టమ్‌దే కావడంతో, మాక్ ఆఫీస్ 2011లో రిబ్బన్ చేరినా పైన మెనూలు యథాతథంగా కొనసాగాయి.