బండిలో బడి: జాన్ రస్కిన్ బాల్యవిద్య

ఉద్యోగరీత్యా తఱచుగా ఊళ్లు మారెడి కుటుంబములలో పిల్లవాని చదువు పెద్ద చిక్కు. ఒక ఊరిలో అక్షరములు దిద్దుకొనును. రెండవ ఊరిలో ఎక్కములు వల్లించును. మూడవ ఊరి బడిలో చేరునప్పటికి అక్కడి పిల్లలు ఏవో పాఠములు దాటిపోయి యుందురు. వాడు ఒక్కగానొక్క బిడ్డ యైనచో తల్లిదండ్రుల ఆలోచనలకు అంతే లేదు. వీనిని ఊరూరను బడిలో చేర్చుచు, మాన్పించుచు నుండుటకంటె ఇంటనే మనమే చెప్పుకొనరాదా యను తలంపు ఎన్ని ఇండ్లలో పుట్టలేదు?

దారి నడచుచు చదువు చెప్పుట మనకు వినని సంగతి కాదు. కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు గోపబాలుని వెంటబెట్టుకొని కాశికి పోవుచు, వాడు ఊరిలో చూచి వచ్చిన వింతను గుఱించి మజిలీ మజిలీకి ఒక కథ చెప్పును. ముందు చూచుట, పిమ్మట అడుగుట, ఆ పిమ్మట వినుట. అది కథ. ఇంచుమించు అట్టిదే నిజముగా జరిగిన ఉదంత మొకటి 19వ శతాబ్దపు ఇంగ్లండులో కలదు. ఆ చదువు ఎట్లు సాగినదో, దానివలన మేలేమి కలిగెనో, కీడేమి కలిగెనో, ఆ బాలుడే ముసలితనమున దాపఱికము లేక వ్రాసిపెట్టెను. ఆయన పేరు జాన్ రస్కిన్. ఆయన వ్రాసిన చిన్న పుస్తక మొకటి గాంధీజీ జీవితమును మలుపు త్రిప్పినది కావున ఆ పేరు మనకు అపరిచితము కాదు.

రస్కిన్ 1819 ఫిబ్రవరి 8వ తేదీన లండను నగరమున హంటర్ వీథిలో జన్మించెను. తండ్రి జాన్ జేమ్స్ రస్కిన్ వర్తకుడు. స్పెయిన్ దేశపు ద్రాక్షతోటలలో తయారగు షెర్రీ యను మద్యమును ఇంగ్లండులో అమ్ముట ఆయన వ్యాపారము. కంపెనీలో భాగస్వాములు ముగ్గురు. తోటలు డొమెక్‌వి, పెట్టుబడి టెల్‌ఫర్డ్‌ది, తెలివియు కష్టమును రస్కిన్‌వి. తల్లి మార్గరెట్ ఆయనకు మేనత్త కూతురు. మన మేనరికము వంటిదే, కాని వధువు వరునికంటె దాదాపు నాలుగేండ్లు పెద్దది. ఏండ్ల తరబడి వేచియుండి 1818లో పెండ్లాడిరి. తల్లికి ముప్పదియేడవ యేట పుట్టిన ఆ బిడ్డయే తొలిచూలు, కడచూలు కూడ. వాడు పుట్టక మునుపే వానిని దేవుని సేవకు అర్పింతునని ఆమె మ్రొక్కుకొన్నది.

అట్టి బిడ్డను పెంచుటలో గారాబము మితిమీరునని తలంతుము. ఆ ఇంట కథ వేఱు. పసివానికి ఆటవస్తువు తాళపుచెవుల గుత్తి. కొంచెము పెరిగిన పిమ్మట ఒక బండి, ఒక బంతి. ఐదాఱేండ్లకు రెండు పెట్టెల నిండ చక్కగా కోసిన కొయ్య ఇటుకలు. మేనమామ వరుసవారో, పినతల్లి వరుసవారో ముద్దుగా తెచ్చిన రంగు బొమ్మలను తల్లి మర్యాదకు పుచ్చుకొని, తరువాత పిల్లవానికి అందకుండ దాచివేసెను. ఇక వాడేమి చేయవలెను? నేలమీది తివాచీ అల్లికలోని రంగులను పరికించెను. ఎదుటి ఇంటి గోడలోని ఇటుకలను లెక్కించెను. వీథిలో నీళ్లబండిని గొట్టముచెంత నింపుచుండగా కదలక చూచుచుండెను. కఠినమైన ఆ కట్టడి వలననే తన చూపునకు పదును వచ్చినదని రస్కిన్ తరువాత నమ్మెను. నాకు మాత్రము ఆ దాచిన బొమ్మలను తలచుకొన్నపుడు మనస్సు చివుక్కుమనును.

చదువు చెప్పినది తల్లియే. గుణింతముల వలె ముక్కలు ముక్కలుగా విడదీసి చదువుట ఆ బాలునికి గిట్టలేదు. వాక్యమునకు వాక్యము కంఠస్థము చేసి, పుటలో ఏ మాట ఎక్కడనున్నదో వ్రేలు పెట్టి చూపెడివాడు. అచ్చు అక్షరములను బొమ్మలు గీసినట్లు నకలు చేసి వ్రాత నేర్చుకొన్నాడు. చదువుట చక్కగా వచ్చిన వెంటనే తల్లి బైబిలు పాఠ మారంభించెను. మన పెద్దలు రామాయణము పారాయణము చేసినట్లే తల్లియు కొడుకును దినమునకు రెండు మూడు అధ్యాయములు, ఒక వచనము ఆమెయు నొకటి వాడును చదువుచు, మొదటి పుటనుండి కడపటి పుటవఱకు సుమారొక సంవత్సరమున ముగించి, మఱునాడే మరల మొదటికి వత్తురు. నోరు తిరుగని పేర్లని గాని, వంశావళులని గాని ఒక్క పంక్తియు విడువరాదు. ఒక్క మాటకు ఉచ్చారణ తప్పినను తిరిగి చదువవలసినదే. ఆయన ఆక్స్‌ఫర్డుకు పోవువఱకు ఇది నిలిచిపోలేదు. ఆయన వచనమునకు గల గంభీరమైన నడకకు ఈ పారాయణమే మూలమని ఆయనయే ఒప్పుకొనెను.

ఉదయమున అప్పగించిన పాఠము వచ్చినచో మధ్యాహ్నము నుండి స్వేచ్ఛ; రానిచో వచ్చువఱకు గదిలోనే. సాయంకాలము తండ్రి వర్తకము ముగించుకొని వచ్చి, స్కాట్ నవలలను, షేక్స్పియరు నాటకములను, డాన్ క్విక్సోట్ కథను భార్యకు బిగ్గరగా చదివి వినిపించెడివాడు. పిల్లవాడు గోడగూటిలోని దేవుని బొమ్మవలె ఒక మూల తన చిన్న బల్లచెంత కూర్చుండి వినవలెనన్న వినును, మానవలెనన్న మానును.

ఇదంతయు ఇంటి బడి. అసలు బడి ప్రతి వేసవి యందును బండిలో తెఱచుకొనెడిది. మే నెల 10వ తేదీ తండ్రి పుట్టినదినము. ఆ పండుగ యైన కొలది దినములకే ముగ్గురును, దాదితోకూడ, ప్రయాణమగుదురు. దేశమందలి ఖాతాదారులను ఊరూర స్వయముగా చూచి షెర్రీకి ఆర్డరులు తెచ్చుకొనుట తండ్రి పద్ధతి. టెల్‌ఫర్డ్ తన సొంత ప్రయాణపు బండిని వారికి ఎరువిచ్చెడివాడు. అది ఎత్తుగా కట్టిన బండి. దారి ప్రక్క రాతిగోడలను, కంచెలను దాటి చూపు పొలములపై పాఱును. సీట్ల క్రింద అరలు, కిటికీల క్రింద సొరుగులు, సంచులు. బాలుడు తన చిన్న పెట్టెమీదనే కూర్చుండి, తండ్రి కాళ్లను గుఱ్ఱములుగా నెంచుకొని బండి తోలెడివాడు. ఉదయము ఆఱు గంటలకు బయలుదేరి, మజిలీ మజిలీకి గుఱ్ఱములను మార్చుచు, దినమునకు నలుబది ఏబది మైళ్లు నడిపి, సాయంకాలము నాలుగు గంటల భోజనమునకు సత్రము చేరుదురు.

దారిలో కోటగాని, ప్రభువుల భవనముగాని, మంచి చిత్రపటములున్న ఇల్లుగాని కనబడినచో ఆగవలసినదే. తండ్రికి చిత్రకళపై మక్కువ మెండు. తాను పలుకక, ముందు కొడుకును చూడనిచ్చుట ఆయన నేర్పు. చూచినదంతయు దినచర్యలో వ్రాయవలెను, గీయవలెను. 1830లో సరస్సుల సీమకు పోయివచ్చినపుడు పదకొండేండ్ల బాలుడు ఆ యాత్రను రెండువేల పైచిలుకు పంక్తుల పద్యముగా కట్టెను. పద్యము గొప్పది కాదు. కాని ఆ వయసున రెండువేల పంక్తులు వ్రాయుటకు తగినంత చూచిన కన్ను గొప్పది.

1832లో పదుమూడవ పుట్టినదినమున టెల్‌ఫర్డ్ ఇచ్చిన పుస్తకములో టర్నర్ గీసిన చిత్రములు ఆ కన్నునకు గురువులయ్యెను. మఱుసటి సంవత్సరము తండ్రి ప్రౌట్ యను చిత్రకారుడు గీసిన ఐరోపా దృశ్యముల సంపుటమును కొని తెచ్చెను. తండ్రీకొడుకులు దానిపై వంగి మురియుచుండగా తల్లి, ఆ చోటులకే పోయి చూడరాదా యని అడిగెనట. అంతే, 1833 వేసవిలో రైను నది వెంబడి స్విట్జర్లండుకు పయనము సాగినది. షాఫ్‌హౌసెన్ ఊరి తోటలో నిలిచి, ఒక ఆదివారము సాయంకాలము, అస్తమించు సూర్యుని కాంతిలో గులాబివన్నె దాల్చిన ఆల్ప్స్ శిఖరములను బాలుడు మొదటిసారి చూచెను. తన జీవితపు దారి ఆ సాయంకాలమే తేలిపోయెనని ముసలితనమున కూడ ఆయన మఱువలేదు. 1834లో, పదునైదవ యేట, రైను నీటి రంగునకు కారణమేమో విచారించుచు ప్రకృతిశాస్త్ర పత్రికలో ఒక వ్యాసము అచ్చు వేయించెను. 1835 యాత్రలో ఆకాశపు నీలిమను కొలుచుటకు సాధన మొకటి తయారు చేసికొని వెంట దీసికొని పోయెను.

ఏ పాఠశాల ఇంతకంటె నేర్పగలదు? పటములోని పర్వతము కాదు, ఎదుటి పర్వతము. పాఠములోని నది కాదు, కాలికి తగులు నది. 1843లో, ఇరువదినాలుగేండ్ల వయసున, ఆధునిక చిత్రకారులను గుఱించిన ఆయన గ్రంథము మొదటి సంపుటము వెలువడి ఇంగ్లండు చూపునే మార్చిన దనినచో, దాని వ్రేళ్లు ఆ బండిలోనే యున్నవి.

కాని ఒక సంగతి గమనింపవలెను. బండి వందలకొలది మైళ్లు తిరిగినది. లోపలి మనుష్యులు మాత్రము ఎప్పుడును వారే. ఊళ్లు మారినవి, మాటలాడువారు మారలేదు. కిటికీ గుండ బాలుడు చూడని వింత లేదు, కాని ఆ కిటికీ కావల నున్న పిల్లవాడొక్కడును వానితో గోలీలాడలేదు, పోట్లాడలేదు, అలిగి మరల పలుకరింపలేదు. 1828 ప్రాంతమున తల్లిలేనిదైన మేనత్త కూతురు మేరీ వచ్చి ఇంట చేరుట కొంత నయము. ఆమెయు అణకువగల పిల్ల. పదేండ్లు దాటిన పిమ్మట గ్రీకునకు, గణితమునకు, చిత్రలేఖనమునకు ఉపాధ్యాయులు ఇంటికి వచ్చిరి. 1834లో దగ్గరి బడికి పంపి చూచిరి; మఱుసటి సంవత్సరము రొమ్ము జబ్బు చేసి అదియు నిలిచిపోయెను.

1837లో ఆక్స్‌ఫర్డులో చేరినపుడు తల్లి కూడ తరలివచ్చి ఆ ఊరిలోనే గదులు తీసికొన్నది. పద్దెనిమిదేండ్ల విద్యార్థి ప్రతి సాయంకాలము తల్లితో తేనీరు త్రాగుటకు పోయెడివాడు. తండ్రి వారాంతమున వచ్చును. అక్కడ 1839లో ఆయనకు కవితాబహుమానము వచ్చినది. పద్యవిషయము మన బొంబాయి చెంత నున్న సాల్సెట్, ఎలిఫెంటా ద్వీపములు! ఆ గుహలను ఆయన కన్నులతో చూచియెఱుగడు. అప్పుడే కాదు, జీవితమున ఎన్నడును హిందూదేశమునకు రాలేదు. చూడని దానిని గుఱించి పలుకరాదని లోకమునకు చెప్పినవాడు, 1857 తిరుగుబాటు తరువాత, 1858లో చేసిన ఉపన్యాసమున మన జాతిని, మన కళను కలిపి మిగుల పరుషముగా నిందించెను. కొండను మబ్బును అంత ఓపికతో చూచిన కన్ను మనుష్యుల యెడ ఓపిక కోల్పోయిన ఘట్టమది. 1848లో జరిగిన ఆయన వివాహము 1854లో రద్దయినది. ఆ ఇంట కోడలికి చోటు చాలలేదని చరిత్రకారులు పలువురు వ్రాసిరి.

1885 మొదలు 1889 వఱకు భాగములుగా వెలువడిన ఆత్మకథలో రస్కిన్ తన పెంపకమునకు తానే లెక్క వేసినాడు. జమలో శాంతి, విధేయత, మాటపై నమ్మకము, ఏకాగ్రత. ఇంట పెద్దగొంతుకతో తల్లిదండ్రులు కలహించుట ఆయన వినలేదు. ఖర్చులో మొదటిది: ప్రేమించుట కెవరును లేకపోవుట. తల్లిదండ్రులు సూర్యచంద్రులవలె ఉండిరి. సూర్యచంద్రులపై ఆధారపడుదుము గాని వారితో ఆడుకొనము గదా. రెండవది: ఓర్చుకొనవలసిన కష్టమే లేకపోవుట. మూడవది: నలుగురిలో మెలగు నేర్పు అలవడకపోవుట. అన్నిటిని మించినది, మంచిచెడ్డలను తానై ఎంచుకొను అవకాశము చిక్కకపోవుట. కన్నతల్లిపై గౌరవము రవంతయు తగ్గకుండ ఈ లెక్క వ్రాసిన తీరు చూచినపుడు, ఆ తల్లి నేర్పిన సత్యసంధతయే ఆమెపై తీర్పు చెప్పించెనా యనిపించును.

కిటికీ కావలి మనుష్యులను ఆయన ఆలస్యముగా కలిసికొన్నాడు. 1854 నుండి లండనులోని శ్రామికుల కళాశాలలో వడ్రంగులకు, పనివాండ్రకు చిత్రలేఖనము ఉచితముగా నేర్పెను. తరగతిలో కూర్చుండి అంతగా చదువని వాడు తరగతి నడపెను. వారిని చిత్రకారులుగా చేయుట కాదు, వారి కన్నులు తెఱపించుట ఆయన కోరిక. 1860లో ఒక పత్రికలో నాలుగు వ్యాసములు ప్రకటించెను. పాఠకులు మండిపడగా సంపాదకుడు ఇక చాలనెను. న్యాయవాది పనికిని మంగలి పనికిని విలువ యొక్కటే యను భావము గాంధీజీ గ్రహించినది ఆ వ్యాసముల నుండియే. ‘అన్‌టు దిస్ లాస్ట్’ అను పేర పుస్తకమైన వానిని 1904లో జోహాన్నెస్‌బర్గు స్టేషనులో పోలక్ గాంధీజీ చేతి కిచ్చెను. డర్బను వఱకు ఇరువదినాలుగు గంటల రైలు ప్రయాణము. ఆ రాత్రి ఆయన నిదురపోలేదు. ఫీనిక్సు ఆశ్రమము ఆ ప్రయాణము నుండి పుట్టినది. 1908లో ఆయన గుజరాతీలో వ్రాసిన సంగ్రహమునకు ‘సర్వోదయ’ అను పేరు పెట్టిరి.

చిత్ర మేమనగా, గాంధీజీయు తమ కుమారులను బడికి పంపక తామే చదువు చెప్పుకొన్న తండ్రి. జోహాన్నెస్‌బర్గులో ఇంటినుండి ఆఫీసుకు నడచిపోవుచు, తిరిగి వచ్చుచు, మాటలలోనే పాఠములు చెప్పెడివారు. పిల్లలకు ఆ చదువు చాలలేదు. ఆ కొఱత వారికి ఉండిపోయెనని తమ ఆత్మకథలో గాంధీజీయే వ్రాసిరి. 1910లో టాల్‌స్టాయ్ క్షేత్రము ఏర్పడినపుడు ఆ ఇంటి బడి పదిమంది బడి యయ్యెను. గుజరాతు నుండి, తమిళనాడు నుండి, ఉత్తరదేశము నుండి వచ్చిన కుటుంబములతో పాటు మన ఆంధ్రదేశపు వారును అక్కడ ఉండిరి. ఇరువది ముప్పదిమంది పిల్లలు. వారిలో కొందఱు అల్లరివాండ్రు, దుడుకువాండ్రు. భూమి నిచ్చిన మిత్రుడు కాలెన్‌బాక్ ఒకనాడు గాంధీజీని నిలదీసెను: ఈ పిల్లలతో మీ బిడ్డలను కలిపి యుంచినచో చెడిపోరా? తమ బిడ్డలను వేఱుచేసి, మీరు మేలైనవారని ఎట్లు చెప్పుదునని గాంధీజీ ఎదురడిగిరి. పిల్లలందఱిని ఒక్క తరగతిలోనే ఉంచిరి.